ఏం లేదు, చిన్నదే

నీళ్ల మోటారు మొరాయిస్తే వెంటనే విప్పకూడదు. ముందు వినాలి. పొడుగాటి స్క్రూడ్రైవరు మొనను బేరింగు దగ్గర ఆనించి, పిడిని చెవికి నొక్కుకుని, ఊపిరి బిగబట్టి వినాలి. గరగరమంటే ఒక జబ్బు, ఈల వేస్తే ఇంకో జబ్బు.

విన్నాక మోటారు సొంతదారు ముఖం చూడాలి. ఆ ముఖంలో భయం కనబడితే "ఏం లేదండీ, చిన్నదే" అనాలి. ఇది రెండో సూత్రం. భయపడ్డ మనిషి కుదురుగా నిలబడడు. నెత్తిమీదకు వంగి వెలుతురుకు అడ్డం వస్తాడు. విప్పి పెట్టిన మరలను కాలితో తన్నేస్తాడు. అదెందుకు తీశావు, ఇదెందుకు పెట్టావు అని ప్రాణం తోడేస్తాడు. ఏం లేదన్నామంటే పోయి ఓ మూల కూర్చుంటాడు. అప్పుడు నింపాదిగా విప్పుకోవచ్చు. లోపల తీగచుట్టంతా మాడి మసైపోయి ఉన్నా సరే, విప్పేదాకా ఏం లేనట్టే.

మోటార్ల మెకానిక్కు ఈ రెండు సూత్రాలనూ తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. జుట్టు నెరిసేదాకా వాటితోనే ఇల్లు గడిపాడు. నడివయసు దాటుతుండగా వైద్య కళాశాలలో చేరినప్పుడు మొదటి సూత్రం కాస్తో కూస్తో అక్కరకొచ్చింది. రెండోది ఒక మనిషి ప్రాణం మీదికి తెచ్చింది.

ఆ వయసులో డాక్టరు చదువేమిటని మీకు అనిపించవచ్చు. వీధి వీధంతా అదే అడిగింది. చదవాలన్న కోరిక అతనికి మీసాలు మొలిచేనాటిదే. తండ్రికి ఒక పక్క పడిపోవడంతో దుకాణం చూసేవాడు కావాల్సివచ్చింది, పుస్తకాలు అటకెక్కాయి. కూతురు ప్రవేశ పరీక్షకు కూర్చునే ఏడు వాటిని దించి దుమ్ము దులిపాడు. ఒక మోటారుకూ ఇంకో మోటారుకూ మధ్య దానికి పాఠం చెప్పేవాడు. చెబుతూ చెబుతూ తనే మునిగిపోయేవాడు. కూతురు గోళ్లు చూసుకుంటూ కూర్చునేది.

"నాన్నా, దీనికి వయసు పట్టింపు లేదట. నువ్వే రాసెయ్ రాదూ" అంది ఒకనాడు.

"నీకు తోడుగా రాస్తాలే" అన్నాడు.

తోడుపెళ్లికొడుకును పీటల మీద కూర్చోబెట్టినట్టయింది. అతనికి సీటొచ్చింది, కూతురికి రాలేదు. బిడ్డ ఏడుస్తుందేమోనని బెంగపడ్డాడు. అది అరటిపండు ఒలుచుకుంటూ, "నాకు నెత్తురు చూస్తే కళ్లు తిరుగుతాయి నాన్నా. నువ్వు పుస్తకం మూసేస్తావేమోనని ఇన్నాళ్లూ చదివినట్టు నటించాను. నేను ఇళ్లకు ప్లానులు గీసే కోర్సులో చేరతాను" అంది.

భార్య తీగ చుట్టే మిషను దగ్గరనుంచి లేవకుండానే తేల్చేసింది. "వెళ్లండి. మోటారు చుట్టడం మీకన్నా నాకే బాగా వచ్చు, ఆ సంగతి మీకూ తెలుసు. ఒక్కటే షరతు. చదివొచ్చి నాలో జబ్బులు వెతకకండి."

కళాశాల గేటు దగ్గర కాపలావాడు, "తల్లిదండ్రులు కూర్చునేది అటువైపండీ" అని దారి చూపించాడు. క్లాసులో అడుగు పెట్టగానే పిల్లలంతా గబుక్కున లేచి నిలబడి నమస్కారం పెట్టారు. అతను తల వంచుకుని నడిచి చివరి బల్ల మీద కూర్చునేసరికి గది గదంతా ఘొల్లుమంది. ఆ గంట ముగిసేలోపే అతనికి బాబాయ్ అని పేరు పడిపోయింది. బల్ల మీద పక్కనే కూర్చునే అమ్మాయికి ముక్కు కంటే కళ్లజోడు పెద్దది. బాబాయ్ ఆ పిల్లను కళ్లజోడు అనే పిలిచేవాడు. అది పలికేది కూడా.

చదువు తేలిగ్గా ఎక్కలేదు. పిల్లలు ఒకసారి చూస్తే పట్టేసే ఎముకల పేర్లు అతనికి పొద్దున ఎక్కి సాయంత్రానికి దిగిపోయేవి. అయినా వదల్లేదు. అన్నం తింటూ మణికట్టు ఎముకలు వల్లించేవాడు. భార్య గరిటె పట్టుకుని, "ఇంకో ఎముక చెబితేనే పెరుగు" అనేది.

వారానికో ఉదయం ప్రొఫెసరమ్మ కొత్త పిల్లలను వార్డుకు తీసుకెళ్లేది. సన్నటి మనిషి. మాట తక్కువ, నడక ఎక్కువ. వయసులో బాబాయ్ కంటే చిన్నదే. మొదటి రోజే గుమ్మంలో ఆపి ఒక మాట చెప్పింది.

"ఇక్కడ మీ పని వినడం. చెప్పడం కాదు."

వినడం మనకు వచ్చిన పనే కదా అనుకున్నాడు బాబాయ్.

అసలు చిక్కు తెల్లకోటుతో వచ్చింది. పిల్లలు వేసుకుంటే అది అన్నయ్య చొక్కాలా వేలాడేది. బాబాయ్ నెరిసిన తలకు, బరువైన నడకకు అది అతికినట్టుండేది. వరండాలో బెంచీల మీది జనం అతన్ని చూసి లేచేవాళ్లు. "పెద్ద డాక్టరు గారు, పెద్ద డాక్టరు గారు" అని గుసగుసలు పోయేవాళ్లు. మొదట్లో ఆగి ఒక్కొక్కరికీ, "నేను డాక్టర్ని కాదండీ" అని చెప్పేవాడు. వాళ్లు నవ్వి, పెద్దవాళ్లకు అణకువ ఎక్కువ అనుకునేవాళ్లు. చెప్పి చెప్పి విసుగొచ్చింది. తర్వాత్తర్వాత తల పంకించి ముందుకు సాగిపోయేవాడు. అబద్ధం చెప్పలేదు, అలాగని నిజమూ చెప్పలేదు. నిజానికి ఆ లేచి నిలబడటం అతనికి కాస్త తియ్యగానే ఉండేది.

ఆ ఉదయం ప్రొఫెసరమ్మ ఇంకా రాలేదు. పిల్లలు మంచాల మధ్య తిరుగుతున్నారు. కిటికీ పక్క మంచం మీద ఒక లారీ డ్రైవరు కాళ్లు కిందికి వేసుకుని రోడ్డు కేసి చూస్తున్నాడు. భారీ మనిషి, గుబురు మీసం. బాబాయ్‌ని చూడగానే రెండు చేతులూ జోడించాడు.

"సార్, మీరైనా చెప్పండి. తెల్లారగట్ల గుండెల్లో మంటన్నానని తోటివాళ్లు లాక్కొచ్చి ఇక్కడ పడేశారు. తీగలవీ పెట్టి చూశారు. బాగానే ఉందన్నారు. మళ్లీ నెత్తురు తీస్తారట, అందాకా కదలొద్దంటున్నారు. ఎందుకు సార్? మంట కూడా తగ్గింది. అవతల లోడు కట్టిన బండి ఎదురు చూస్తోంది." గొంతు తగ్గించాడు. "లోపలేమైనా ఉందా సార్? దాస్తున్నారా?"

బాబాయ్ ఆ ముఖంలోకి చూశాడు. మీసం వెనక భయం కనబడింది. అలాంటి ముఖాలను అతను బతుకంతా చూశాడు. చేయి దానంతటదే డ్రైవరు భుజం మీదికి వెళ్లింది, మాట దానంతటదే నాలుక మీదికి వచ్చింది.

"ఏం లేదండీ. చిన్నదే."

డ్రైవరు ముఖం విప్పారింది. "అంతే కదా సార్! నేనూ అదే అనుకున్నా" అన్నాడు. బాబాయ్ తృప్తిగా పక్క మంచానికి కదిలాడు.

"ఏం చెప్పారు బాబాయ్ ఆయనకి?" అడిగింది కళ్లజోడు.

"కాస్త ధైర్యం చెప్పానమ్మా."

ప్రొఫెసరమ్మ వచ్చి ఒక్కో మంచమే చూసుకుంటూ కిటికీ దగ్గరికి చేరేసరికి దుప్పటి మడతపెట్టి ఉంది. దిండు మీద మనిషి లేడు.

"ఈయనేడీ?"

నర్సుకు తెలియదు. పక్క మంచం ముసలాయన ఉత్సాహంగా లేచి కూర్చున్నాడు. "వెళ్లిపోయాడమ్మా. పెద్ద డాక్టరు గారు ఏం లేదన్నారు కదా. సంతోషంగా చెప్పులేసుకుని పోయాడు."

"ఏ పెద్ద డాక్టరు?"

ముసలాయన వేలు గాలిలో తిరిగి తిరిగి బాబాయ్ దగ్గర ఆగింది.

ప్రొఫెసరమ్మ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేది.

"మొదటి పరీక్షలో కనబడనిది కొన్ని గంటలు పోయాక నెత్తురులో కనబడుతుంది. అందుకే ఉంచాను. గుండెపోటు కాకపోవచ్చు. అదే అయితే స్టీరింగు మీద పోతాడు. ఒక్కడే పోడు, ఎదురొచ్చినవాళ్లనూ తీసుకుపోతాడు."

నర్సు ఫోను చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది. అదే తంతు.

"లారీలు ఎక్కడ ఆగుతాయో నాకు తెలుసు మేడమ్" అన్నాడు బాబాయ్.

"వెళ్లండి. దొరికితే ఫోను చేయండి, అంబులెన్సు పంపిస్తాను. ఆయన్ని మాత్రం నడిపించొద్దు."

కళ్లజోడుకు స్కూటరుంది. బాబాయ్ వెనక కూర్చున్నాడు. తెల్లకోటు గాలికి జెండాలా కొట్టుకుంటుంటే విప్పి చంకలో పెట్టుకున్నాడు. దారిలో ప్రతి లారీ వెనకా అతని చూపు పరిగెత్తింది. ఏ మలుపులో జనం గుంపుగా కనబడినా స్కూటరు నెమ్మది చేయించి తొంగి చూశాడు. ఆ పిల్ల కూడా నోరెత్తలేదు. ఎప్పుడూ వసపిట్టలా వాగే పిల్ల మాట్లాడకపోతే ఎంత భయమేస్తుందో అప్పుడే తెలిసింది.

టోకు మార్కెట్టు వెనక, బరువులు తూచే కాటా పక్కన లారీల అడ్డా. నేలంతా నూనె మరకలు, పాత టైర్లు. డ్రైవరు అక్కడే ఉన్నాడు. సిమెంటు బస్తాల మీద పట్టా తాడు బిగిస్తున్నాడు. ఒక చేత్తో లాగుతున్నాడు, రెండో చేయి రొమ్ము మీద ఉంది.

"తాడు వదిలెయ్యండి! ముందు కూర్చోండి!" అని కేకపెట్టాడు బాబాయ్.

డ్రైవరు తిరిగి చూసి నవ్వాడు. "సార్! మీరేంటిక్కడ? మందేమన్నా మర్చిపోయానా?"

"మీరు ఆసుపత్రికి రావాలి. ఇప్పుడే."

"ఏం లేదన్నది మీరే కదా సార్?"

"అన్నాను. అనకూడదు. నేను డాక్టర్ని కాదు. ఈ మధ్యే చేరినవాణ్ని. చదువుకుంటున్నాను."

డ్రైవరు పగలబడి నవ్వాడు. "ఈ తలతోనా? ఆ పాప చదువుకుంటోందంటే నమ్ముతా. మీరు చదువుకుంటున్నారా? బావుంది సార్. ఆసుపత్రివాళ్లు మంచం ఖాళీ అవుతుందని మిమ్మల్నే పంపించారా?"

"ఒట్టండీ అంకుల్" అంది కళ్లజోడు. "ఈయన కూర్చునేది నా బల్ల మీదే. మొన్న పరీక్షలో నాకన్నా తక్కువ మార్కులు."

ఆ మాట అంటూనే పక్కకు తప్పుకుని అంబులెన్సుకు ఫోను చేసింది. డ్రైవరు మాత్రం మళ్లీ తాడు అందుకున్నాడు. అతని మెడ వెనక చెమట ధారగా కారడం బాబాయ్ చూశాడు. ఎండ ఇంకా ముదరనే లేదు.

"చదువుకుంటున్నారే అనుకుందాం" అన్నాడు డ్రైవరు తాడు లాగుతూ. "ఇన్నాళ్లూ ఏం చేశారు మరి? గుర్రాలకు పళ్లు తోమారా?"

"నీళ్ల మోటార్లు బాగు చేశాను. మెకానిక్కుని."

తాడు లాగే చేయి ఆగింది.

"మెకానిక్కా?"

"అవునండీ."

"మెకానిక్కై ఉండి, నాతో 'ఏం లేదు, చిన్నదే' అన్నారా?"

"అన్నాను" అన్నాడు బాబాయ్. తల ఎత్తలేకపోయాడు. "అలవాటు. విప్పకముందు అలా అనడం అలవాటు."

డ్రైవరు చేతిలోని తాడు జారిపోయింది. మెల్లగా లారీ మెట్టు మీద కూలబడ్డాడు. ముఖంలో నవ్వు జాడ లేదు. "ఓరి నాయనో! నలభై ఊళ్ల మెకానిక్కులను చూశాను. వాడు 'పెద్ద రిపేరే' అన్నాడంటే గంటలో బండి రోడ్డెక్కుతుంది. 'ఏం లేదు, చిన్నదే' అన్నాడంటే మాత్రం ఇంజను దించాల్సిందే! బండి షెడ్డులో నిద్ర, నేను దాని కింద నిద్ర. ఆ మాట నా గుండెను పట్టుకుని అన్నారా మీరు?"

"మీ గుండెలో ఏముందో నాకు తెలియదండీ. తెలియకుండానే అన్నాను. అదే నా తప్పు."

"పిలవండి ఆ అంబులెన్సుని" అన్నాడు డ్రైవరు కళ్లు మూసుకుని. "తొందరగా పిలవండి."

అది వచ్చేదాకా బాబాయ్ అతని పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. చొక్కా గుండీలు విప్పాడు, కోటు మడిచి వీపు వెనక పెట్టాడు. మంట మళ్లీ మొదలైంది. డ్రైవరు అతని మణికట్టు పట్టుకున్నాడు, ఎముక నొప్పెట్టేలా.

"ఏమవుతుంది సార్ నాకు?"

"ఏం..." అంది నాలుక. బాబాయ్ దాన్ని పళ్ల మధ్య నొక్కిపెట్టాడు. "తెలియదండీ. తెలిసినవాళ్ల దగ్గరికే పోతున్నాం."

"తెలియదంటే భయమేస్తోంది."

"నాకూ వేస్తోంది."

డ్రైవరు పట్టు వదల్లేదు. అంబులెన్సు ఎక్కించేటప్పుడూ వదల్లేదు.

రెండో పరీక్షలో తేలిపోయింది. గుండెకు నెత్తురు అందించే గొట్టాల్లో ఒకటి మూసుకుపోతోంది. మనిషిని నేరుగా లోపలికి తీసుకెళ్లారు. తలుపు మూసుకుంది. బాబాయ్‌ని అక్కడ నిలబడనివ్వలేదు. ప్రొఫెసరమ్మ చేతికి తొడుగు వేసుకుంటూ, "రేపు పొద్దున నా గదికి రండి" అని మాత్రం అంది.

సాయంత్రం దుకాణానికి వచ్చి కోటును మేకుకు తగిలించాడు. భార్య మిషను ఆపలేదు.

"కళ్లజోడు ఫోను చేసింది. అంతా చెప్పింది" అంది.

"ఇంక వెళ్లను."

"సరే. ఆ మూలది విప్పండి, పొద్దుట్నుంచీ పడుంది."

అతను కింద కూర్చుని మొదటి మర విప్పాడు. రెండోది విప్పాడు. మూడోది చేతిలో పట్టుకుని అలాగే ఉండిపోయాడు.

"ఆయన ఎలా ఉన్నాడో?" అంది భార్య, తీగ మీదినుంచి కన్ను తీయకుండా.

"తెలియదు."

"మరి ఎవరు కనుక్కుంటారు?" మిషను కాసేపు తిరిగింది. "పెళ్లైన కొత్తలో వెనక వీధివాళ్ల మోటారు కనెక్షను తిరగేసి ఇచ్చారు గుర్తుందా? అది వెనక్కి తిరిగేది, తొట్టి నిండేది కాదు. ఆ రోజూ ఇంతే, ఇంక పానా ముట్టనని దుప్పటి కప్పుకున్నారు. తెల్లారి నేను లేచి చూస్తే దుప్పటి ఉంది, మీరు లేరు. వాళ్ల ఇంట్లో ఉన్నారు, ఇంటిల్లిపాదీ తిడుతుంటే తల వంచుకుని వైరు మారుస్తూ."

"అది మోటారు. ఇది మనిషి."

"అందుకే కదా చెబుతున్నా. మోటారు కోసమే వెళ్లినవారు, మనిషి కోసం వెళ్లరా?"

మర్నాడు పొద్దున ప్రొఫెసరమ్మ గది ముందు నిలబడ్డాడు. లోపలికి రమ్మంది, కూర్చోమనలేదు.

"మానేద్దామనుకుంటున్నారా?"

"అనుకున్నాను మేడమ్. ఆయన సంగతి తెలుసుకోకుండా పోకూడదని వచ్చాను."

"బతికాడు."

బాబాయ్ కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"గుండె కొంచెం దెబ్బతింది" అందామె. "లారీ దగ్గర గడిచిన ఆ కాసేపటి వాటా కూడా అందులో ఉంది. ఎంతని విడదీసి చెప్పలేను. నేను మీకు మళ్లీ గుర్తు చేయను. మీరు మర్చిపోకండి."

"మర్చిపోను మేడమ్."

"ఈ పిల్లలు ఏం వాగినా ఎవరూ నమ్మరు. వాళ్లకు అదో రక్ష. మీరు తుమ్మినా మందు చీటీ అనుకుంటారు. ఏ మంచం దగ్గరైనా మీ నోట మొదటి మాట 'నేనింకా చదువుకుంటున్నవాణ్ని' అని రావాలి. మీకు విసుగొచ్చినా చెప్పాలి, వాళ్లు నవ్వినా చెప్పాలి. చేతనవుతుందా?"

"అవుతుంది."

"అయితే పదండి, ఆలస్యమవుతోంది" అంటూనే ఆమె వరండాలోకి నడిచింది. అతను దాదాపు పరిగెత్తాడు.

వరండాలో బెంచీ మీది జనం లేచారు. బాబాయ్ ఆగాడు. "కూర్చోండమ్మా, కూర్చోండి. నేనింకా చదువుకుంటున్నవాణ్ని" అన్నాడు. ఒక ముసలమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వనిచ్చాడు.

డ్రైవరు దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. మీసం వాలింది గాని కళ్లలో కొంటెతనం వాలలేదు.

"రండి మెకానిక్కు గారూ, రండి! నా ఇంజను దించి చూసి మళ్లీ ఎక్కించారట మీవాళ్లు."

చుట్టుపక్కల మంచాలు నవ్వాయి. కళ్లజోడు కిసుక్కుమంది. ప్రొఫెసరమ్మ నవ్వలేదు గాని మెడలోని స్టెతస్కోపు తీసి బాబాయ్ చేతికిచ్చింది. "ఆయన ఒప్పుకుంటే వినండి."

"ఒప్పుకోకేం" అని డ్రైవరు చొక్కా తొలగించాడు.

బాబాయ్ ఆ చల్లటి బిళ్లను ముందు తన అరచేతిలో పెట్టుకుని వేడెక్కించాడు. అలా చేయాలని ఎవరూ చెప్పలేదు. తర్వాత దాన్ని రొమ్ముకు ఆనించి, ఊపిరి బిగబట్టాడు. స్క్రూడ్రైవరు పిడిలోంచి బతుకంతా చప్పుళ్లు విన్న చెవి అది. అయినా ఇలాంటిది వినలేదు. రెండు చప్పుళ్లు, మధ్యలో కాస్త ఎడం, మళ్లీ రెండు చప్పుళ్లు. వాటి వెనక ఇంకేదో మెత్తగా ఉన్నట్టుంది, లేనట్టుంది.

డ్రైవరు అతని ముఖంలోకి చూస్తున్నాడు. వేళాకోళం పోయి ఆ పాత భయం మీసం వెనకనుంచి మళ్లీ తొంగి చూసింది.

"ఏమంటోంది సార్?"

బాబాయ్ చెవుల్లోంచి గొట్టాలు తీశాడు. "కొట్టుకుంటోందండీ. అంతవరకే చెప్పగలను. బాగా కొట్టుకుంటోందో లేదో చెప్పే చదువు నాకింకా రాలేదు."

డ్రైవరు దిండు సర్దుకుని, ఇంకో గుండీ కూడా విప్పాడు.

"అయితే తీరిగ్గా వినండి" అన్నాడు. "నేనెక్కడికీ పోవడం లేదు."